అల్లుని జీతం అడిగినం, వీసా సంగతి అడిగినమా?

మన దిక్కు పెండ్లి సంబంధం మాట్లాడుడు ఎట్లుంటదో మీకు చెప్పేదేమున్నది! పిల్లగాడు అమెరికాల ఉన్నడంటే సగం మాట అక్కడనే ఖాయమైపోతది. జీతమెంత, ఇల్లు కొన్నడా, ఆడిబిడ్డలెందరు, అత్తమామలు ఎవరి దగ్గరుంటరు, అన్నీ అడుగుతం. అయ్యగారితోని నక్షత్రాలు చూపిస్తం. తెల్లారి బంగారం దుకాణం మెట్లెక్కుతం. "బాబూ, నీది ఏ వీసా? ఆరేండ్లల్ల ఎన్నేండ్లు అయిపోయినయ్? ఐ-140 అప్రూవ్ అయిందా?" అని మాత్రం ఎవ్వలం అడగం. అడిగితే పిల్లగాడు ఏమనుకుంటడో, సంబంధం ఎక్కడ తప్పిపోతదో అని గుబులు.

అక్కలారా, చెల్లెలారా, ఇయ్యాల్టి ముచ్చట గదే. పెండ్లి చేసుకొని దేశం దాటిన ఆడిపిల్లకు అక్కడ ఉండే హక్కు తన సొంతం కాదు. మొగని కాయితానికి కట్టేసి ఉంటది. మన పిల్ల అటు పోయినా అంతే, వేరే దేశపు పిల్ల మనింటికి కోడలై వచ్చినా అంతే. ఆ కాయితంల ఏమున్నదో, ఏ తారీఖుదాకా ఉన్నదో పెండ్లికి ముందే తెలుసుకుంటే తర్వాత ఏడ్చే పని ఉండదు.

కాయితం విలువ సింగరేణి బొగ్గుబాయి ఇండ్లల్ల పుట్టినోళ్లకు ఒకరు నేర్పాలా? బాయి మీద మనిషికి ఏమన్న అయినప్పుడు సర్వీసు పుస్తకంల 'లక్ష్మి', ఆధార్‌ల 'లచ్చమ్మ' అని ఉంటే సీఎంపీఎఫ్ పింఛన్ ఎట్ల ఆగుతదో కండ్లార చూసినోళ్లం. వీసా కాడ గూడ అదే కథ, కాకపోతే ఆఫీసు ఇంకింత దూరం.

ముందుగాల పేరు

మన ఆడోళ్ల పాస్‌పోర్టులల్ల ఇంటిపేరు గడి చానసార్లు ఖాళీగ ఉంటది. పేరంతా ఒక్క గడిలనే కొట్టిస్తరు. గట్లుంటే అమెరికా వీసా మీద ఉన్న పేరును ఇంటిపేరు చేసి, అసలు పేరు జాగల 'ఎఫ్ఎన్‌యూ' అని అచ్చేస్తరు. మొదటి పేరు తెల్వదు అని దానర్థం. ఇగ అక్కడ బ్యాంకుల పోయినా, డ్రైవింగ్ లైసెన్సుకు పోయినా ఆ మూడక్షరాలే ఆమె పేరై కూసుంటయ్. అందుకే పిల్ల ఇంజినీరింగ్‌ల ఉన్నప్పుడే పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్టు మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండ్రి. ఇంటిపేరు, పేరు వేరువేరు గడులల్ల ఉండాలె.

పెండ్లి అయినంక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల రిజిస్ట్రేషన్ చేయించుడు మర్చిపోవద్దు. శుభలేఖ, పెండ్లి ఫొటోలు, ఇద్దరి పదో తరగతి మెమోలు, సాక్షులు. "ఊరంతా చూసింది గదా, కాయితం ఎందుకు" అంటే వీసా ఆఫీసర్ మన ఊరోడు కాదు గదా!

హెచ్-4 అంటే ఏంది?

మొగనిది హెచ్-1బి అనే నౌకరి వీసా అయితే పెండ్లానికి, ఇరవై ఒక్కటి నిండని పిల్లలకు హెచ్-4 ఇస్తరు. హెచ్-1బి మూడేండ్లు, మల్ల మూడేండ్లు, మొత్తం ఆరు. గ్రీన్‌కార్డు దారిల ఐ-140 అనే కాయితం మంజూరైతే ఆరేండ్లు దాటినంక గూడ పొడిగిస్తుంటరు. మంజూరు కాకపోతే మామూలుగ ఆరో ఏడు అయిపోయేసరికి పెట్టె సర్దుకోవాలె. సంబంధం మాట్లాడేటప్పుడు 'ఎన్నేండ్లు అయినయ్' అని అడగమన్నది అందుకే. గ్రీన్‌కార్డు ఇయ్యాల రేపు వచ్చేది గూడ కాదు. ఏడాదికి ఇచ్చేటియాటిల ఒక్కో దేశానికి నూటికి ఏడు మించకుండ కట్టడి ఉన్నది. మన దేశం నుంచి అడిగేటోళ్లు ఎక్కువ, అందుకే పదేండ్లు దాటిన వరుస.

హెచ్-4 మీద చదువుకోవచ్చు, బండి నడపొచ్చు. నౌకరి మాత్రం చెయ్యనీయరు. ఎంటెక్ చదివిన పిల్ల, హైదరాబాద్‌ల మంచి కంపెనీల చేసిన పిల్ల, అక్కడ చిన్న దుకాణంల గూడ పనికి కుదరరాదు. 2015 మే 26 నుంచి ఒక సందు దొరికింది. మొగని ఐ-140 మంజూరైనా, ఆరేండ్లు దాటి పొడిగింపు వచ్చినా, పెండ్లాం ఈఏడీ అనే పని అనుమతి అడగొచ్చు. దాని పుణ్యాన వేలమంది మన ఆడపిల్లలు మల్ల నౌకరిల పడ్డరు. ఇప్పుడు దాంట్ల గూడ మెలిక వచ్చింది. ఇంతకుముందు కార్డు గడువు తీరేలోపల దరఖాస్తు పెట్టుకుంటే, కొత్తది వచ్చేదాకా ఒక గడువు మేరకు పాతదే నడిచేది. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టినోళ్లకు ఆ వెసులుబాటు తీసేసిండ్రు. కొత్త కార్డు చేతికి రాకుంటే నౌకరి ఆగుడే. గడువుకు 180 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు గనుక మొదటి రోజే పెట్టుకొమ్మని మీ పిల్లకు చెప్పండ్రి.

కంపెనీ బదిలీ మీద ఎల్-1 వీసాతోని పోయినోళ్ల పెండ్లాలకు ఎల్-2 ఇస్తరు. ఆళ్లకు 2021 నవంబర్ నుంచి పనికి వేరే అనుమతి కార్డే అక్కర్లేదు. ఒకే అపార్ట్‌మెంట్‌ల, ఒకే చదువు చదివిన ఇద్దరు మన పిల్లలు. ఒకామె పొద్దున్నే ఆఫీసుకు పోతది, ఒకామె కిటికీల నుంచి చూస్తది. తేడా అంతా మొగని వీసా మీదున్న ఒక్క అక్షరంల ఉన్నది.

ఇంకొకటి. మొగని నౌకరి ఊడితే ఇద్దరికీ కలిపి గరిష్ఠంగ 60 రోజులు. ఆలోపల ఇంకో కంపెనీ దరఖాస్తు పెట్టాలె, లేకుంటే ఇంకో వీసాకు మారాలె, అదీ కాకుంటే ఇంటికి రావాలె. విడాకులైతే హెచ్-4 అక్కడికే ఖతం. అందుకే పెండ్లాం గూడ తన చదువు మీద, తన నైపుణ్యం మీద ఇంకో వీసా దారి ఉన్నదా అని ముందునుంచే చూసుకోవాలె. అది మొగని మీద అనుమానం కాదు, ఇంటికి భరోసా.

"వీసా స్టాంపింగ్ కోసం ఓసారి వచ్చి పోతం అమ్మా" అని పిల్లలు అంటే ఇప్పుడు తొందరపెట్టకుండ్రి. 2025 సెప్టెంబర్ నుంచి ఇంటర్వ్యూ లేకుండ వీసా పొడిగించుకునే సౌకర్యం చానమందికి పోయింది. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 అడిగేటోళ్ల సోషల్ మీడియా ఖాతాలు గూడ చూస్తున్నరు. దాంతోని డిసెంబర్ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనుకకు జరిగి, చెల్లె పెండ్లికని వచ్చినోళ్లు ఇక్కడనే ఇరుక్కుపోయిండ్రు. నౌకరి అక్కడ, మనుషులిక్కడ.

బ్రిటన్ సంగతి గూడ ఒక్క మాట. అక్కడ స్థిరపడ్డోళ్లు మొగనినో పెండ్లాన్నో పిలిపించుకోవాలంటే 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి 29,000 పౌండ్ల సంపాదన చూపించాలె. ముసలోళ్ల సేవకు పోయిన కేర్ వర్కర్లు ఇంటోళ్లను తోల్కపోవుడు 2024 మార్చి నుంచే బంద్. "ముందు నువ్వు పో, తర్వాత మేమొస్తం" అని ఏజెంటు చెప్పిన మాట నమ్మి లక్షలు కట్టకుండ్రి.

పురుటికి పోయే అమ్మలకు

మొన్న మా పక్క క్వార్టర్ వదినె ఇంట్ల సాయంత్రం పూట ఒకటే హడావిడి. అన్న బాయిల ఓవర్‌మన్‌గ రిటైరైండు. ఇద్దరికీ అమెరికా విజిట్ వీసా ఇంటర్వ్యూ. ఫోన్‌ల అల్లుడు ఆఫీసర్ లెక్క ప్రశ్నలు అడుగుతున్నడు.

"అత్తమ్మా, ఎందుకు పోతున్నరు?"

"ఊకనే బాబూ, చూసి వద్దామని. నయాగరా..."

"నయాగరా ఎక్కడుంటది అత్తమ్మా?"

వదినె అన్న దిక్కు చూసింది. అన్న ఫ్యాన్ దిక్కు చూసిండు.

నేను నవ్వు ఆపుకొని చెప్పిన: "వదినె, ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా బిడ్డకు నెలలు నిండుతున్నయ్, పురుటికి దగ్గరుందామని పోతున్న, నాలుగు నెలలకు వస్త. ఇంతే. దాంట్ల దాచేదేమున్నది? బిడ్డ పురుటికి తల్లి పోవుడు తప్పా?"

హైదరాబాద్‌ల తెలుగుల గూడ మాట్లాడొచ్చు. రాని ఇంగ్లిష్‌ల తడబడుడు కంటె వచ్చిన తెలుగుల సూటిగ చెప్పుడు మేలు. మనం అక్కడనే ఉండిపోతమన్నట్టే అమెరికా చట్టం ముందుగాల లెక్కేసుకుంటది. కాదని చూపించే భారం మన మీదనే పెట్టింది. నెలనెలా వచ్చే పింఛన్, ఉన్న ఇల్లు, ఇక్కడున్న కొడుకు, ముసలి అత్త, ఇయే మన జవాబులు. వీసా దరఖాస్తు డీఎస్-160 ఫారం మీసేవ పక్క నెట్ సెంటర్ల నింపిచ్చినా, అప్పజెప్పే ముందు ఒక్కొక్క గడి చదివి వినిపిచ్చుకోండ్రి. ఫారంల ఒకటి, నోటిల ఒకటి ఉంటే ఇంటర్వ్యూ అక్కడనే చెడుతది.

అప్పట్ల అమెరికా వీసా అంటే మద్రాసు రైలు ఎక్కాల్సిందే. 2008ల బేగంపేట పైగా ప్యాలెస్‌ల కాన్సులేట్ మొదలైంది. 2023 మార్చి నుంచి నానక్‌రాంగూడల కొత్త బిల్డింగుకు పోయింది. రామగుండంల భాగ్యనగర్ ఎక్కి సికింద్రాబాద్‌ల దిగితే నానక్‌రాంగూడ ఊరి ఆ చివర. ఇంటర్వ్యూ పొద్దున ఉంటే ముందునాడే పోయి సుట్టాలింట్ల పండుకోండ్రి.

అసలు ముచ్చట వీసా వచ్చినంక ఉన్నది. వీసా మీద పదేండ్ల తారీఖు చూసి "పదేండ్లు ఉండొచ్చట" అని మురిసిపోతరు. ఆ తారీఖు దాకా తలుపు తట్టొచ్చు, అంతే. ఎన్ని రోజులు ఉండాల్నో విమానం దిగిన కాడ ఇమిగ్రేషన్ ఆఫీసర్ చెప్తడు. మామూలుగ ఆరు నెలలు ఇస్తరు. ఆ తారీఖు ఐ-94 అనే రికార్డుల ఉంటది, ఆన్‌లైన్‌ల కనిపిస్తది. దిగిన వారంల బిడ్డతోని అది తీయించి, అచ్చు కొట్టించి ఫ్రిజ్ మీద అంటించుకోండ్రి. ఇంకొన్నాళ్లు ఉండాల్సొస్తే ఆ తారీఖు రాకముందే ఐ-539 అనే పొడిగింపు దరఖాస్తు పెట్టాలె. మాట్లాడకుండ ఉండిపోయి 180 రోజులు దాటి బయటికొస్తే మూడేండ్లు, ఏడాది దాటితే పదేండ్లు మల్ల రానియ్యరు. మనుమరాలు రెండో పుట్టినరోజుకు పోదామన్న ఆశ అక్కడనే కరిగిపోతది.

విజిట్ వీసా మీద పైసలకు పని చేయుడు వీసా నియమాలకు విరుద్ధం. బిడ్డ పిల్లను ఎత్తుకునుడు వేరు, పక్కింటోళ్ల పిల్లను పైసలు తీసుకొని చూసుడు వేరు. మన సింగరేణి మెడికల్ కార్డు అక్కడ నడవదు. బీపీ, షుగర్ ఉన్నోళ్లు ప్రయాణ ఇన్సూరెన్స్ లేకుండ అడుగు పెట్టొద్దు. పాతరోగాలకు వర్తిస్తదా లేదా అని అల్లునితోని ఆ పాలసీ చదివిచ్చుకోండ్రి.

దుబాయి దారి

పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్ పోని ఊరున్నదా? అక్కడ మొగడు ఉన్నా పెండ్లాన్ని తోల్కపోవుడు అందరి చేతుల లేదు. యూఏఈల నెలకు 4,000 దిర్హాములన్న రావాలె, లేకుంటే 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఇయ్యాలె. అప్పుడే ఇంటోళ్లకు వీసా. క్యాంపుల ఒక రూముల పదిమందితోని పండుకునే మనిషికి అది ఎప్పుడు కావాలె! అందుకే ఏండ్లకేండ్లు ఫోన్‌లనే కాపురం.

"విజిట్ మీద రా, ఇక్కడ పని చూపిస్త" అన్న మాట మాత్రం నమ్మకుండ్రి. విజిట్ వీసా మీద పని దొరికినా అది దొంగపని కిందనే లెక్క. జీతం ఎగ్గొట్టినా అడిగే నోరుండదు, గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. పదో తరగతి పాస్ కాని మన ఆడోళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరం అని ఉంటది. అసోంటి ఆడోళ్లు ఇంటిపనికి గల్ఫ్ పోవాలంటే ముప్పై ఏండ్లు నిండాలె, సర్కారు అనుమతి ఉండాలె. ఆ నియమాన్ని తప్పిచ్చి విజిట్ మీద పంపుతమన్నోడు మనిషిని అమ్ముకునెటోడే.

మనింటికి వచ్చే కోడలు

ఇప్పుడు దీన్ని తిరగేసి చూద్దాం. మన కొడుకు వేరే దేశపు పిల్లను చేసుకొని తోల్కొస్తడు. ఇంట్ల పప్పుచారు నేర్పుతం, బతుకమ్మ ఆడిపిస్తం. ఆ పిల్ల ఏ కాయితం మీద ఉన్నదో మాత్రం మనం గూడ అడగం.

ఇక్కడ పెండ్లి చేసుకుంటే మామూలుగ 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ చట్టం దారి. ఇద్దరిల ఒకరన్న నోటీసు ఇచ్చే జిల్లాల 30 రోజులు ఉండాలె, నోటీసు ఇచ్చినంక ఇంకో 30 రోజులు ఆగాలె. ఆ పిల్లకు ఇంతకుముందు పెండ్లి లేదని ఆళ్ల దేశం ఇచ్చే కాయితం ముందుగాలనే తెప్పిచ్చుకోవాలె. టూరిస్టు వీసా మీద నెల రోజులకు వచ్చి పెండ్లి చేసుకొని పోదామనుకుంటే ఈ లెక్కలల్లనే వీసా అయిపోతది.

పెండ్లి అయినంక ఎంట్రీ వీసా. 180 రోజులు దాటే వీసా అయితే దిగిన 14 రోజులల్ల విదేశీయుల నమోదు ఆఫీసు ఎఫ్ఆర్ఆర్ఓ దగ్గర నమోదు చేయించాలె. ఇప్పుడది చానమటుకు ఆన్‌లైన్‌లనే అయిపోతది. పెండ్లి రిజిస్టరై, విడవకుండ రెండేండ్లు నడిస్తే ఓసీఐ కార్డు అడగొచ్చు. ఆ కార్డుంటే వీసా గొడవ లేదు, నౌకరి చేసుకోవచ్చు. ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనరాదు. మన పౌరసత్వమే కావాలంటే ఏడేండ్లు ఇక్కడ కాపురముండాలె. మనోళ్లు అమెరికా వాళ్లను తిడుతరు గని, మన చట్టం గూడ తక్కువదేం కాదు. విడాకులైతే ఆ ఓసీఐ కార్డు రద్దు చేయొచ్చు. మన పిల్ల అక్కడ ఎంత బిక్కుబిక్కుమంటదో, ఆ పిల్ల ఇక్కడ అంతే. కోడలి పాస్‌పోర్టు అత్త బీరువాల పెట్టి తాళమేసుడు మర్యాద అనుకోకుండ్రి.

పాత ఫారినర్స్ చట్టాన్ని తీసేసి 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, ఫారినర్స్ చట్టం తెచ్చిండ్రు. వీసా గడువు దాటి ఉంటే మూడేండ్ల దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా, రెండూ గూడ పడొచ్చు. పరదేశీలను ఉంచుకున్న హోటలోళ్లు 24 గంటలల్ల సమాచారం ఇయ్యాలె. ఇన్నాళ్లు దాన్ని సి ఫారం అని పిలిచిండ్రు. ఇంట్ల ఉంచుకునేటోళ్లు గూడ పోలీసు స్టేషన్ల అడిగి నమోదు చేయించుకుంటే తర్వాత ఏ పేచీ ఉండదు.

అమెరికాల పుట్టి ఆ దేశపు పాస్‌పోర్టు ఉన్న మనుమడు అవ్వ ఒళ్లె పండుకున్నా చట్టం లెక్కల పరదేశీయుడే. వానికి ఓసీఐ చేయించకుండ విజిట్ వీసా మీద తెచ్చి, ఏడాది ఇక్కడనే బడిల వేద్దామనుకుంటే కుదరదు. ముందు కార్డు, తర్వాత బడి.

కష్టమొచ్చిన నాడు

కొందరు మొగోళ్లు చేసే పని ఒకటున్నది. సెలవులకని పెండ్లాన్ని ఇంటికి తోల్కొచ్చి, పాస్‌పోర్టు గుంజుకొని, ఒక్కడే విమానమెక్కిపోతడు. అతని కాయితాలు లేకుండ ఆమె తిరిగి పోలేదు. ఎన్నారై పెండ్లిళ్లు కచ్చితంగ రిజిస్టర్ చేయాలని 2019ల రాజ్యసభల బిల్లు పెట్టిండ్రు, అది చట్టం కాలేదు. 2024 ఫిబ్రవరిల లా కమిషన్ గూడ 287వ నివేదికల దీని మీద పెద్ద చట్టమే కావాలన్నది. అది వచ్చేదాకా మన జాగ్రత్తనే మన చట్టం.

ఇక్కడ 181 మహిళా హెల్ప్‌లైన్ ఉన్నది, మన పోలీసుల మహిళా భద్రతా విభాగంల ఎన్నారై సెల్ ఉన్నది, జాతీయ మహిళా కమిషన్‌ల గూడ ఎన్నారై సెల్ ఉన్నది. విదేశాలల్ల ఉన్నోళ్లు మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌ల ఫిర్యాదు పెట్టొచ్చు. అమెరికాల కొట్టుడు, హింస ఉంటే 1-800-799-7233కు ఏ జామునైనా ఫోన్ చేయొచ్చు. న్యూజెర్సీల మానవి, న్యూయార్క్‌ల సఖి మన దిక్కు ఆడోళ్ల కోసమే ఏండ్లుగ పనిచేస్తున్నయ్. హింసపడే హెచ్-4 ఆడామె మొగని సంతకం లేకుండ తన పేరు మీదనే పని అనుమతి అడగొచ్చు, దానికి ఐ-765వి అని వేరే ఫారమే ఉన్నది. "బయటపడితే వీసా పోతది, నిన్ను పంపిచ్చేస్తరు" అని మొగడు బెదిరిచ్చేది పెండ్లానికి ఇవి తెల్వయన్న ధైర్యంతోనే. ఇవన్నీ పిల్ల విమానం ఎక్కకముందే చెప్పండ్రి.

వీసా నియమాలు మన రేషన్‌కార్డు నియమాల కంటె తొందరగ మారుతయ్. నేను చెప్పింది విని ఊకోకుండ ఆ దేశపు సర్కారు సైటులనే చూసుకోండ్రి, కేసు మెలికల పడితే లాయర్‌ను అడగండ్రి. ఏజెంటు మాట ఆఖరుకు వినండ్రి.

ఇగ సంబంధం మాట్లాడే నాడు నోరు తెరిచి అడగండ్రి. వీసా ఏది, గడువెంత, ఐ-140 సంగతేంది, మా పిల్లకు నౌకరి అనుమతి ఎప్పుడొస్తది, ఆమె పాస్‌పోర్టు ఆమె దగ్గరనే ఉంటది గదా. మంచి పిల్లగాడైతే కాయితాలు తెచ్చి ముందట పెడతడు. "ఇవన్నీ మీకెందుకు అత్తమ్మా" అని నసిగిండంటే, బంగారం దుకాణానికి పోయేది ఇంకో వారం ఆపండ్రి. ఏం మునిగిపోదు.